నీలం సీసా, నాలుగో తొట్టి

కరెంటు కనిపెట్టింది ఎవరైనా కావచ్చు, ఆ గొడవ మనకొద్దు. కానీ దానికి ప్లస్సు ఎక్కడ పెట్టాలో, మైనస్సు ఎక్కడ పెట్టాలో లోకానికి తేల్చి చెప్పింది మాత్రం మా అమ్మమ్మ. అదీ ఒక ప్లాస్టిక్ తొట్టి ముందు మూడు కాళ్ళ స్టూలు మీద కూర్చుని, ముక్కు మీదికి జారే కళ్ళజోడును మోచేత్తో పైకి తోసుకుంటూ. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఏడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతుపట్టని సంగతిని, అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి ఒక్క పూటలో తేల్చేసింది. ఇందులో నిజమెంత అని అడిగేవాళ్ళు ఉంటారు. సగానికి కాస్త తక్కువ. మిగతాది అభిమానం.

అమ్మమ్మ పని గాజు కడగడం. పరిశోధనశాల రెండో అంతస్తులో, నడవ చివర, కిటికీ పక్కన ఆవిడ గది. గది అంటే ఒక పెద్ద సింకు, వరసగా ఐదు తొట్లు, తడి ఆరబెట్టే వేడిగాలి బీరువా ఒకటి, గోడ పొడవునా తీగబుట్టలు. ఇరవై ఆరేళ్ళుగా ఆ అంతస్తులో ఎవరు ఏ ప్రయోగం చేసినా, దాని తాలూకు జిడ్డూ మరకా చివరికి వచ్చి చేరేది ఆవిడ చేతుల్లోకే. అందుకే అందరూ ఆవిడను గాజులమ్మ అంటారు. నిజానికి చేతికి ఒక్క గాజు కూడా ఉండదు. ఉంటే సీసాలకు తగులుతుందని ఎప్పుడో తీసి పెట్టేసింది.

ఆవిడ పద్ధతి ఆవిడది. పెద్ద బీకర్లను పంపు కింద పట్టి కడుగుతుంది. బొటనవేలంత సీసాలను మాత్రం బుట్టతో సహా తొట్లలో ముంచుతుంది. మొదటి తొట్టిలో సబ్బునీళ్ళు. తర్వాత మూడు తొట్లలో పంపు నీళ్ళు. ఐదో తొట్టిలో వట్టినీళ్ళు, అంటే ఆవిరి చేసి చల్లార్చిన నీళ్ళు. "అందులో నీళ్ళు తప్ప ఇంకేం ఉండవు, అందుకే వట్టినీళ్ళు" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ పాఠం చెబుతుంది. ఆరిన బుట్టకు ఒక రంగు దారం ముడి వేస్తుంది, వారానికొక రంగు. ఏ సీసా ఏ వారం కడిగిందో అడిగితే దారం చూసి చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

అన్నిటికన్నా గొప్పది ఆవిడ పరీక్ష. కడిగిన బీకరును కిటికీ వెలుగులోకి ఎత్తి వంచుతుంది. నీళ్ళు ఎక్కడా తెగకుండా పలచటి తెరలా జారిపోయాయా, గాజు శుభ్రం. చుక్కలు చుక్కలుగా విడిపోయి నిలబడ్డాయా, ఇక దానికి మూడిందన్నమాటే. "దీని ఒంటి మీద ఇంకా ఏదో ఉంది, అలిగి కూర్చుంది" అంటూ మళ్ళీ మొదటి నుంచీ కడుగుతుంది.

ఆ అంతస్తులో మసిపిల్ల అని ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. అసలు పేరు అది కాదు, అమ్మమ్మ పెట్టిన పేరు. చేతులకో, చెవి వెనకో, ముక్కు కొసనో నల్లటి మరక లేకుండా ఆ పిల్ల ఎప్పుడూ కనిపించేది కాదు. సీసాలు ఆరేదాకా గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. మిగతావాళ్ళు తలుపు దగ్గరే బుట్ట పెట్టేసి పోయేవాళ్ళు. అందుకని ఆ పిల్లంటే అమ్మమ్మకు ప్రాణం. పైకి మాత్రం తిట్టేది.

"ఏముంది తల్లీ ఆ పొడిలో? పొగగొట్టం దులిపినట్టుంది" అంది అమ్మమ్మ ఒకరోజు.

"మసి కాదు పెద్దమ్మా, బొగ్గు గొట్టాలు. తలవెంట్రుకను నిలువునా యాభై వేల పొరలుగా చీలిస్తే ఒక్కో పొర ఎంత పలచగా ఉంటుందో, అంత సన్నం. లోపల బోలు."

"చీల్చి చూశావా?"

"లేదు. మిషన్ చెప్పింది."

"మిషన్ చెబితే సరే. మనుషులు చెబితేనే అనుమానం."

మసిపిల్ల నవ్వి, అసలు చిక్కు చెప్పింది. "ఈ గొట్టాలు నీళ్ళలో విడివిడిగా ఉండవు పెద్దమ్మా. ఒకదాన్నొకటి కావలించుకుని, ముద్దయిపోయి, అడుక్కి దిగిపోతాయి. అందుకని వీటికి సబ్బులాంటి దాన్ని పూతగా ఎక్కిస్తాం. ఆ పూతకి ఒక కొస గొట్టాన్ని పట్టుకుంటుంది, రెండో కొస నీళ్ళలోకి తిరిగి ఉంటుంది. బయటికున్న ఆ కొసకి మైనస్ విద్యుత్తు. అన్నిటికీ మైనస్సే కాబట్టి ఒకదాని దగ్గరికి ఇంకోటి రాదు."

"ఇస్త్రీ బట్టలేసుకున్న పిల్లల్లాగా. ముట్టుకోకు, నలుగుతుంది అని దూరం దూరం జరుగుతారు చూడు."

"అచ్చం అంతే!"

"మరి ప్లస్సు పూత వేస్తే?"

"అప్పుడూ అంతే. ప్లస్సుకీ ప్లస్సుకీ పడదు, విడిగానే ఉంటాయి. రెండు రకాల పూతలూ కలిశాయంటేనే కొంప మునుగుతుంది. ఒకదాని విద్యుత్తును ఇంకోటి చెరిపేస్తుంది, మళ్ళీ ముద్ద."

"అంటే గొట్టం గొప్పేం లేదు, వేసుకున్న చొక్కాదే అంతా" అని అమ్మమ్మ తేల్చేసింది. "మనుషుల్లోనూ అంతేలే."

ఆ విద్యుత్తు ఎంతుందో చెప్పే మిషన్ ఒకటి పక్క గదిలో ఉండేది. అంకె సున్నాకు ఎంత దూరంగా ఉంటే గొట్టాలు అంత బాగా విడివిడిగా ఉన్నట్టు. సున్నా దగ్గరికి వచ్చిందంటే ముద్ద కట్టబోతున్నట్టు. మసిపిల్ల పూతకు మొదటిసారి మైనస్ నలభై ఒకటి వచ్చింది. ఆ రోజు ఆ పిల్ల అమ్మమ్మ గదిలో గిర్రున తిరిగింది. "పడి సీసాలు పగలగొట్టావంటే చీపురు నీ చేతికే ఇస్తాను" అంది అమ్మమ్మ, నవ్వు ఆపుకుంటూ. ఇక అదే అంకె మళ్ళీ మళ్ళీ వస్తే చాలు, ఆ పిల్ల చదువు గట్టెక్కినట్టే.

సరిగ్గా అప్పుడే చలి మొదలై అమ్మమ్మ వేళ్ళు చిట్లాయి. ఏటా ఉండేదే. ఆ ఏడు మాత్రం కణుపుల దగ్గర నెత్తురు కూడా కనిపించింది. తొడుగులు వేసుకోమంటే వినదు. వేసుకుంటే చిన్న సీసా పట్టు తెలియదట, చేరిన కొత్తలో అలాగే ఒకటి జారి పగిలిందట. ఆ పగిలిన సీసా ముచ్చట ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది.

ఆవిడకొక మనవరాలు ఉంది. పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి తొంగిచూసి, బడికి ఒక దణ్ణం పెట్టి వెనక్కి వచ్చి లాండ్రీలో చేరింది. మహా తెలివైనదని, చూడచక్కనిదని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళు ఎవరో మాత్రం తెలియదు. ఆ మనవరాలు ఒకరోజు లాండ్రీ నుంచి నీలం సీసా ఒకటి తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. బట్టలు మెత్తబడటానికి ఆఖరి జాడింపులో వేసే మందు అది, మంచి వాసన.

"రెండు మూతలు వేశామంటే గరుకు కంబళి కూడా కుందేలు పిల్లయిపోతుంది. నీ చేతులెంత!"

"ఆఖరి నీళ్ళలో ఏమీ వెయ్యకూడదే."

"ఆఖరి తొట్టిలో ఎవరు వెయ్యమన్నారు? దాని ముందు తొట్టిలో వెయ్యి. తర్వాత వట్టినీళ్ళలో ముంచుతావుగా, కొట్టుకుపోతుంది."

అమ్మమ్మ వద్దంది. మరునాడు వేళ్ళు మండిపోతుంటే వేసింది. నాలుగో తొట్టిలో రెండు మూతలు. వారం తిరిగేసరికి చేతులు మెత్తబడ్డాయి. పైగా చిన్న సీసాలు ఎన్నడూ లేనిది చప్పున ఆరసాగాయి. అమ్మమ్మ మురిసిపోయింది. మందు వెయ్యడం మొదలుపెట్టిన ఆ వారం బుట్టలకు కట్టింది ఎర్ర దారం.

ఎర్ర దారం నాటి నుంచే మసిపిల్లకు శని పట్టింది. నలభై ఒకటి కాస్తా మైనస్ పదకొండైంది. తర్వాత మైనస్ మూడు. ఒకసారి ఏకంగా ప్లస్ ఐదు. రాత సిరాలా ఉండాల్సిన నల్లనీళ్ళలో గంటలో రవ్వలు కట్టి, అడుగున మట్టిలా దిగేవి. మధ్యలో ఒక్క రోజు మళ్ళీ మైనస్ నలభై వచ్చింది. ఆ పిల్ల ఆనందంతో కేకేసింది. మరుసటి రోజు మళ్ళీ మైనస్ ఏడు. పూత మార్చి చూసింది, నీళ్ళు మార్చి చూసింది, మిషన్‌ను విప్పించి తుడిపించింది. ఏడు వారాలు గడిచాయి. కబుర్లు పోయాయి, బుగ్గలు లోపలికి పోయాయి, మసి మాత్రం అలాగే ఉంది.

పెద్దసారు ఆ అంతస్తుకు అధికారి. పొడుగాటి మనిషి, మాట పొదుపు. ఒక మంగళవారం నడవలోనే, అమ్మమ్మ గది గుమ్మం ముందే, మసిపిల్లను నిలబెట్టి అడిగాడు.

"ఆ నలభై ఒకటి మిషన్ ఇచ్చిందా, నువ్వు రాసుకున్నావా?"

"సార్!"

"అడుగుతున్నానంతే. ఒకసారి వచ్చింది మళ్ళీ రావాలి కదా. గురువారం నాకు కారణమైనా చూపించు, అంకైనా చూపించు. లేకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇస్తాను."

మసిపిల్ల తిన్నగా అమ్మమ్మ గదిలోకి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది. బుట్టను గట్టు మీద ఠపీమని పెట్టింది.

"అన్నీ మార్చి చూశాను. మిగిలింది ఈ సీసాలే. శుభ్రంగా కడుగుతున్నారా అసలు?"

అనేశాక నాలిక కరుచుకుంది. ఏం లాభం, మాట బయటపడిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి తను. అమ్మమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఆ పిల్ల "పెద్దమ్మా, అది కాదు…" అంటుంటే "పనుంది, వెళ్ళమ్మా" అంది. తల్లీ అనలేదు, అమ్మా అంది. ఆ తేడా మసిపిల్లకు అర్థమై ఏడుస్తూ వెళ్ళిపోయింది.

అమ్మమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన గాజునే అంటుందా! చూపిస్తాను అనుకుంటూ బీకరు ఎత్తి వంచింది. తెరలా జారాయి నీళ్ళు. ఇంకోటి వంచింది. తెరే. మరి చిన్న సీసాలో? మూతి ఇరుకు, లోపల ఏం జరుగుతోందో కనిపించదు. వాటిని ఒక్కోదాన్నీ ఎన్నడూ పరీక్షించింది లేదు.

అప్పుడు అమ్మమ్మ ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. చిన్న సీసాను గుడ్డలో చుట్టి, సింకు అంచుకు కొట్టి, కావాలని పగలగొట్టింది. పెంకును పట్టకారుతో వెలుగులోకి ఎత్తి నీళ్ళు పోసింది. నీళ్ళు నిలవలేదు. చుక్కలు చుక్కలుగా విడిపోయి, దొర్లి, కిందికి రాలిపోయాయి. గాజు అలిగింది.

ఆవిడ తలెత్తి గోడ మీది బుట్టల వైపు చూసింది. పై వరస మీద, అన్నిటికన్నా వెనక, పాత బుట్టొకటి మిగిలి ఉంది. పసుపు దారం, అంటే ఎరుపుకు ముందు వారం. అందులోంచి ఒకటి తీసి అదీ పగలగొట్టింది. నీళ్ళు తెర కట్టాయి. పసుపు బుట్టలో అప్పటికే ఒక సీసాకు చోటు ఖాళీగా ఉంది. మధ్యలో ఒక్కరోజు మైనస్ నలభై ఎందుకొచ్చిందో అమ్మమ్మకు చదువు లేకుండానే అర్థమైంది. ఆ రోజు మసిపిల్ల స్టూలెక్కి, చెయ్యి చాచి, వెనక బుట్టలోంచి తీసుకుందన్నమాట. అమ్మమ్మ నాలుగో తొట్టి వైపు చూసింది. దాని పక్కనే నీలం సీసా, మూడొంతులు ఖాళీ అయి, బుద్ధిమంతురాలిలా కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో మనవరాలికి సంగతంతా చెప్పింది. మనవరాలికి అప్పుడు గుర్తొచ్చింది. లాండ్రీలో చేరిన కొత్తలోనే చెప్పారు దానికి: ఆ మందు నీళ్ళతో కొట్టుకుపోదు, బట్టను పట్టుకుని ఉండిపోతుంది, మెత్తదనమంతా అందులోనే ఉంది అని. ఆ పాఠం వింటున్నప్పుడు అది కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అమ్మమ్మా, ఒక పని చెయ్యి. సీసా పారేసెయ్. అన్నీ మళ్ళీ కడిగేసెయ్. అంకె దానంతటదే వస్తుంది, ఎవరికీ తెలీదు."

"అంకె వస్తుందే. ఆ పిల్ల మీద పడ్డ మాట పోతుందా?"

"నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోతుంది. దొంగలెక్క రాసిందని ఆ పిల్లను అన్నారు నా కళ్ళ ముందు. దొంగ నా తొట్టిలో ఉంది."

"మరి… నా సంగతి చెబుతావా?"

అమ్మమ్మ దీపం ఆర్పేసింది. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

గురువారం పొద్దున పెద్దసారు గదిలో మసిపిల్ల కుర్చీ అంచున కూర్చుని ఉంది, నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని. అమ్మమ్మ తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది. ఒక చేతిలో పసుపు దారం బుట్ట, ఇంకో చేతిలో ఎర్ర దారం బుట్ట, చంకలో నీలం సీసా.

"సారూ, అంకె చెడగొట్టింది ఈ పిల్ల కాదు. నేను."

పెద్దసారు కలం కింద పెట్టాడు. అమ్మమ్మ నిలబడే చెప్పింది. దారాల సంగతి, పగలగొట్టిన సీసాల సంగతి, చిట్లిన వేళ్ళు, రెండు మూతలు, అన్నీ. "వట్టినీళ్ళలో పోతుందనుకున్నాను. ఇది పోయే రకం కాదు సారూ, పట్టుకుని వేలాడే రకం."

పెద్దసారు నీలం సీసా తిప్పి చూశాడు. "నీళ్ళు తగిలితే గాజు ఒంటి మీద మైనస్ ఉంటుంది. ఈ మందుది ప్లస్సు. ఎందుకు వదులుతుంది?" అని తనలో తానే అన్నట్టు అన్నాడు.

మసిపిల్ల ఒక్కసారిగా లేచింది. "ఆ ప్లస్సే నా గొట్టాల మీదికి ఎక్కింది! ఎక్కి నా మైనస్సును చెరిపేసింది!"

"కారణం బాగానే ఉంది" అన్నాడు పెద్దసారు. "చూపించు."

ముగ్గురూ మిషన్ గదికి నడిచారు. పసుపు సీసాలో పోసిన నల్లనీళ్ళకు మైనస్ నలభై. ఇంకో పసుపు సీసాకు మైనస్ నలభై రెండు. ఎర్ర సీసాకు మైనస్ తొమ్మిది. చివరికి పసుపు సీసాలోనే మసిపిల్ల నీలం మందును సూదిమొన మీద నిలిచేంత వేసి కలిపింది. నల్లనీళ్ళు వాళ్ళ కళ్ళ ముందే రవ్వలు కట్టాయి. ఇంకాస్త ఎక్కువ వేస్తే అంకె సున్నా దాటి ప్లస్సులోకి వెళ్ళింది. గొట్టం మారలేదు, నీళ్ళు మారలేదు. చొక్కా మారింది, అంతే.

కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇదంతా వాళ్ళ పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్నదేనట. కానీ ఆ పిల్ల అబద్ధం రాయలేదని తేలింది. పెద్దసారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, "ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. మాట పొదుపు మనిషికి అది పెద్ద ఉపన్యాసమే.

తర్వాత అమ్మమ్మ వైపు తిరిగాడు. "ఇది వెయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

"తొట్టి నాది, చెయ్యి నాది. నేనే వేశాను."

అంతే అంది. లాండ్రీ ఊసే ఎత్తలేదు. పెద్దసారు ఆవిడ చేతులు చూపించమన్నాడు. తిప్పి చూసి, "ఇరవై ఆరేళ్ళుగా ఈ చేతుల్ని మేమెవరం చూడలేదు, తప్పు మీ ఒక్కరిదే కాదు" అన్నాడు. వారం తిరగకుండా చర్మంలా అతుక్కునే పలచటి తొడుగులు వచ్చాయి, సీసా పట్టు తెలిసేవి. చేతులకు రాసుకునే మందు డబ్బా కూడా వచ్చింది, పని అయ్యాక ఇంటికెళ్ళి రాసుకోమని మరీ మరీ చెప్పి. అమ్మమ్మ ఆ డబ్బాను ఇప్పటికీ ఎవరొచ్చినా చూపిస్తుంది. ఉద్యోగం పోతుందని వెళ్ళిన మనిషికి మందు డబ్బా ఇచ్చారని, అలాంటి చోట పనిచేసినందుకు తన అంత అదృష్టవంతురాలు లేదని చెబుతుంది.

మసిపిల్ల ఆ రోజు అమ్మమ్మను వాటేసుకుని చాలాసేపు వదల్లేదు. "నోరు జారాను పెద్దమ్మా."

"సరిగ్గానే జారావులే తల్లీ. నువ్వు అనకపోతే నేను పగలగొట్టేదాన్నే కాదు" అంది అమ్మమ్మ. తల్లీ అంది, మళ్ళీ.

ఆ వాటేసుకోవడంలో జాకెట్టు భుజం మీద అయిదు వేళ్ళ మసి మరక పడింది. ఒకానొక మనవరాలు లాండ్రీలో దాన్ని మూడుసార్లు ఉతికింది, పోలేదు. నాలుగోసారి ఉతకబోతే అమ్మమ్మే లాక్కుంది, ఉండనిమ్మని.

రెండేళ్ళకు మసిపిల్ల పరిశోధన అచ్చయి పుస్తకమైంది. కృతజ్ఞతల పేజీలో తల్లిదండ్రుల తర్వాత, పెద్దసారు కన్నా ముందు ఒక వాక్యం: "తన తప్పును తనే పట్టుకుని, తనే వచ్చి చెప్పి, నా మాట నిలబెట్టిన గాజులమ్మగారికి." అమ్మమ్మ దాన్ని మనవరాలి చేత మూడుసార్లు చదివించుకుంది. అచ్చుతప్పులేమైనా ఉన్నాయేమో చూడటానికట. ఆ మూడోసారి మనవరాలు పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని చదివింది. ఆ తప్పులోకి తన పేరు రాకుండా ఎవరు కాపాడారో దానికి తెలుసు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియకే ఇన్నాళ్ళు తటపటాయించి, ఇప్పుడిలా కాగితాలు నింపడం.

ఇదంతా నిన్న ఆవిడకు చదివి వినిపించడం అయింది. అమ్మమ్మ గట్టు దగ్గర టీ గ్లాసులు కడుగుతూ, కిటికీ వైపు ఎత్తి వంచుతూ, మధ్యలో ఎక్కడా అడ్డు రాకుండా వింది. కరెంటుకు ప్లస్సూ మైనస్సూ పెట్టిందన్నచోట కూడా నవ్వలేదు. చివరి గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని అంది:

"నేను పెద్దసారు ముందు నిలబడి చెప్పాను. నీకు కాగితం ముందు కూడా నోరు రాలేదుటే? 'మనవరాలు, మనవరాలు' ఏమిటి! 'నేను' అని రాయి."